వేన్ మోర్స్: సెనేట్‌లో 24 ఏళ్ళ ఓట్లు, ఎన్నికలు. 1957లో ఆ ‘నో’ ఎందుకు?

#1 వాసు_హిల్స్‌బరో

అందరికీ నమస్కారం. ఈ విభాగంలో అమెరికా సంగతులు తక్కువే కానీ పాత చట్టసభల గురించి తెలిసినవాళ్ళు ఇక్కడే ఉన్నారని అడుగుతున్నాను.

ఒరెగాన్‌లో ఉండేవాళ్ళకి వేన్ మోర్స్ పేరు కొత్త కాదు. యూజీన్‌లో ఫెడరల్ కోర్టు భవనానికి ఆయన పేరే పెట్టారు, అక్కడి ఫ్రీ స్పీచ్ ప్లాజాకీ ఆయన పేరే. 1945 నుంచి 1969 జనవరి దాకా సెనేటర్. వియత్నాం యుద్ధానికి తలుపులు తీసిన టోంకిన్ గల్ఫ్ తీర్మానం మీద 1964 ఆగస్టు 7న సెనేట్‌లో 88–2 ఓటింగ్ జరిగింది. కాదన్న ఇద్దరిలో ఒకరు ఈయన, ఇంకొకరు అలాస్కా సెనేటర్ ఎర్నెస్ట్ గ్రూనింగ్. కింది సభ అయిన హౌస్‌లో అయితే 416–0. ఇంతవరకు అందరికీ తెలిసిన కథే.

నా డౌటు వేరు. ఆయన ఓట్ల జాబితా వరసగా చూస్తూ 1957 పౌర హక్కుల బిల్లు దగ్గర ఆగిపోయాను. దాన్ని సెనేట్ ఆగస్టు 7న 72–18తో పాస్ చేసింది (టోంకిన్‌కి సరిగ్గా ఏడేళ్ళ ముందు, అదే తేదీ). వ్యతిరేకంగా ఓటేసిన 18 మందిలో 17 మంది దక్షిణాది డెమోక్రాట్లు. ఈస్ట్‌లాండ్, థర్మండ్, రస్సెల్, తాల్మాడ్జ్ లాంటివాళ్ళు, అంటే నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఒకే బడిలో కూర్చోకూడదన్న బాపతు. పద్దెనిమిదో పేరు ఒరెగాన్ మోర్స్!

లిబరల్ అని పేరున్న మనిషి ఆ వరసలో ఏం చేస్తున్నట్టు?

#2 కృష్ణాతీరం

ఇందులో డౌటేముంది వాసు గారూ. రిపబ్లికన్ టికెట్ మీద గెలిచాడు, ఇండిపెండెంట్ అయ్యాడు, ఆ తర్వాత డెమోక్రాట్ అయ్యాడు. మన దగ్గర ఇలాంటివాళ్ళని జంప్ జిలానీలు అంటాం. ఏ గాలి వీస్తే ఆ ఓటు. అమెరికావాడు కాబట్టి విగ్రహం పెట్టారు.

#3 గుంటూరు_మాస్టారు

కృష్ణాతీరం గారూ, మీరు మరీ తొందరపడతారు. ముందు ఎన్నికల చరిత్ర చూద్దాం. గాలివాటం మనిషో కాదో ఓట్ల పెట్టె దగ్గర కొంత తెలుస్తుంది.

మోర్స్ 1900లో విస్కాన్సిన్‌లో పుట్టాడు. ఆ రాష్ట్రంలో అప్పట్లో రాబర్ట్ లా ఫాలెట్ ప్రభావం బలంగా ఉండేది. రైలు కంపెనీలనీ పెద్ద వ్యాపారాలనీ ఎదిరించిన రిపబ్లికన్ ఆయన. ఆ నీడలో పెరిగినవాడు రిపబ్లికనే అయినా, ఏ రకం రిపబ్లికనో గుర్తుంచుకోవాలి. తర్వాత ఒరెగాన్ యూనివర్సిటీ లా కాలేజీలో చేరి, ముప్పై ఒకటో ఏటికల్లా డీన్ అయ్యాడు. పసిఫిక్ తీరంలో ఓడరేవు కార్మికులకీ యాజమాన్యాలకీ మధ్య మధ్యవర్తిగా తీర్పులు చెప్పాడు. యుద్ధకాలంలో జాతీయ వార్ లేబర్ బోర్డులో కూర్చున్నాడు. అంటే సెనేట్‌కి వచ్చేనాటికి ఆయన రాజకీయ నాయకుడు కాదు, లేబర్ లాలో పండిపోయిన లాయరు.

1944లో రిపబ్లికన్ ప్రైమరీలో (పార్టీ టికెట్ ఎవరికో తేల్చే ఎన్నిక) సిటింగ్ సెనేటర్ రూఫస్ హోల్మన్‌నే ఓడించి టికెట్ తెచ్చుకున్నాడు, నవంబరులో సులువుగా గెలిచాడు. 1950లో నాలుగింట మూడొంతుల ఓట్లతో గెలిచాడు, అదీ రిపబ్లికన్‌గానే. 1952లో పార్టీ వదిలాడు. 1956లో డెమోక్రాట్‌గా పోటీ చేశాడు. ఎదుట నిలబడ్డది మాజీ గవర్నరు డగ్లస్ మెకే. ఐసెన్‌హోవర్ తన ఇంటీరియర్ శాఖ మంత్రితో రాజీనామా చేయించి మరీ ఈయన మీద పోటీకి దించాడు. అయినా మోర్స్‌కి 54 శాతం వచ్చింది. 1962లో సిగ్ ఉనాండర్ మీద మళ్ళీ గెలుపు. 1968లో ఓటమి. అది పెద్ద కథ, తర్వాత చెప్పుకుందాం.

పార్టీ మారిన మనిషిని అదే రాష్ట్రం, రెండో గుర్తు మీద, ప్రెసిడెంటు పంపిన మంత్రి మీద గెలిపించింది. ఇది గాలి వీచినవైపు పోవడం కాదు.

#4 చట్టం_చదువరి

మాస్టారూ, చిన్న ప్రశ్న. పార్టీ మారినప్పుడు సీటుకి రాజీనామా చేయలేదా? మనకైతే 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ వదిలితే సభ్యత్వం పోతుంది, విప్ ధిక్కరించి ఓటేసినా పోతుంది. అక్కడ అలాంటిదేం లేదని తెలుసు కానీ, నైతికంగానైనా జనం అడగలేదా?

#5 గుంటూరు_మాస్టారు

అడిగారు తమ్ముడూ, గట్టిగానే అడిగారు. ఆయన రాజీనామా చేయలేదు. కానీ ఏం పోగొట్టుకున్నాడో చూడు.

1952లో మొదట ఐసెన్‌హోవర్‌కే మద్దతు ఇచ్చాడు. పార్టీ మేనిఫెస్టో నచ్చలేదు, వైస్ ప్రెసిడెంటుగా నిక్సన్‌ని పెట్టడం అసలు నచ్చలేదు. అక్టోబరులో పార్టీకి దండం పెట్టి డెమోక్రాట్ స్టీవెన్సన్‌కి మద్దతు ప్రకటించాడు. ఆ ఎన్నికల్లో గెలిచింది ఎవరు? ఐసెన్‌హోవర్, అదీ భారీగా. అంటే గెలవబోయే పార్టీలోంచి ఓడిపోబోయే అభ్యర్థి వైపు దూకాడన్నమాట. జంప్ జిలానీలు ఎక్కడైనా ఇలా దూకుతారా?

1953 జనవరిలో సెనేట్‌లో 48 రిపబ్లికన్లు, 47 డెమోక్రాట్లు, 1 మోర్స్. ఏ వైపు కూర్చోవాలో తెలియదని మడత కుర్చీ ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు, రెండు పక్షాల మధ్య నడవలో వేసుకుంటానని. పత్రికలకి అంతకంటే ఏం కావాలి! కానీ తమాషా అక్కడితో సరి. సాయుధ బలగాల కమిటీ, కార్మిక కమిటీ రెండిట్లోంచీ పీకేశారు. జీవితమంతా కార్మిక చట్టంలో గడిపినవాణ్ణి తీసుకెళ్ళి రాజధాని నగరం మురుగు కాల్వలూ రోడ్లూ చూసే కమిటీలో వేశారు.

రెండేళ్ళ తర్వాత లెక్క తిరగబడింది. 1954 ఎన్నికల్లో ఒరెగాన్ నుంచే రిచర్డ్ న్యూబర్గర్ డెమోక్రాట్‌గా గెలిచాడు. 1914 తర్వాత ఆ రాష్ట్రంలో ఆ పార్టీకి అదే మొదటి సెనేట్ గెలుపు. సభలో 48 డెమోక్రాట్లు, 47 రిపబ్లికన్లు, మళ్ళీ 1 మోర్స్. ఈయన డెమోక్రాట్ల వైపు మొగ్గాడు, లిండన్ జాన్సన్ మెజారిటీ లీడర్ అయ్యాడు. 1955 ఫిబ్రవరిలో మోర్స్ అధికారికంగా ఆ పార్టీలో చేరాడు, విదేశాంగ కమిటీలో సీటు దొరికింది.

#6 కృష్ణాతీరం

చూశారా, చివరికి సీటు దొరికింది. మీరే రాశారు :)

#7 సీత_సియాటిల్

కృష్ణాతీరం గారి అనుమానం ఉంచుదాం, పూర్తిగా కొట్టిపారేసేది కాదు. వాసు గారి ప్రశ్నకి వస్తాను.

1957 బిల్లు సెనేట్‌కి వచ్చినప్పుడు ఒకటి, బయటికి వెళ్ళినప్పుడు ఇంకొకటి. హౌస్ పంపిన బిల్లులో మూడో భాగం అని ఒకటుండేది. బడుల్లో వేర్పాటు లాంటి వాటిమీద ఫెడరల్ అటార్నీ జనరల్ తానే కోర్టుకెళ్ళే అధికారం అందులో ఉంది. దాన్ని 52–38తో తీసేశారు. మిగిలింది ఓటు హక్కు. దాని అమలుకి కోర్టు ధిక్కారం కేసులు పెట్టాలంటే జ్యూరీ విచారణ ఉండాలని 51–42తో ఇంకో సవరణ తెచ్చారు. ఆ రోజుల్లో దక్షిణాదిలో జ్యూరీ అంటే మొత్తం తెల్లవాళ్ళే. నల్ల ఓటరుని తరిమేసిన అధికారికి వాళ్ళు శిక్ష వేస్తారా? అందరికీ తెలిసిందే కదా.

మోర్స్ వాదన ఇదే. ఈ రెండు దెబ్బల తర్వాత మిగిలింది పేరుకే చట్టం, దీన్ని పాస్ చేసి పౌర హక్కుల పని అయిపోయిందని చేతులు దులుపుకోవడానికి నేను ఒప్పుకోను అన్నాడు. దక్షిణాదివాళ్ళు బిల్లు మరీ ఎక్కువైందని ‘నో’ అన్నారు, ఈయన మరీ తక్కువైందని ‘నో’ అన్నాడు. రికార్డులో రెండూ ఒకే గడిలో పడ్డాయి.

తర్వాతి ఓట్లు చూస్తే ఇది సాకు కాదని తెలుస్తుంది. 1964 జూన్ 10న దక్షిణాది ఫిలిబస్టర్‌ని (ఓటింగ్ జరక్కుండా మాట్లాడుతూ సాగదీయడం) ఆపడానికి 71–29తో ఓటేసినప్పుడు ఈయన ఆ 71 మందిలో ఉన్నాడు. తొమ్మిది రోజుల తర్వాత పౌర హక్కుల చట్టం 73–27తో పాస్ అయినప్పుడూ ‘అవును’. 1965 ఓటు హక్కు చట్టానికీ ‘అవును’. పళ్ళున్న చట్టం వచ్చినప్పుడు వెనకాడలేదు.

#8 కృష్ణాతీరం

సీత గారూ, బాగా రాశారు. కానీ రెండు సంగతులు వదిలేశారు.

ఒకటి, నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీ నాయకుడు రాయ్ విల్కిన్స్ ఆ బలహీనమైన బిల్లునే ఒప్పుకున్నాడు. 82 ఏళ్ళ తర్వాత వచ్చిన మొదటి పౌర హక్కుల చట్టం అది. పౌర హక్కుల కమిషన్ దానితోనే వచ్చింది, న్యాయశాఖలో ప్రత్యేక విభాగం దానితోనే వచ్చింది. దెబ్బలు తిన్నవాళ్ళే సరేనంటుంటే, ఒరెగాన్ తెల్ల సెనేటరుకి ఇది చాలదనిపించిందా? అప్పట్లో ఒరెగాన్‌లో నల్లవాళ్ళు ఎంతమంది ఉన్నారని! ఏ ఖర్చూ లేని పట్టుదల అది.

రెండు, హెల్స్ కాన్యన్. దాని సంగతి చెప్పండి.

#9 వాసు_హిల్స్‌బరో

హెల్స్ కాన్యన్‌కి నేను వెళ్ళాను, ఒరెగాన్‌కీ ఐడహోకీ మధ్య స్నేక్ నది లోయ. కానీ దానికీ పౌర హక్కులకీ సంబంధం ఏమిటండీ?

#10 సీత_సియాటిల్

ఉంది వాసు గారూ. ఇదే ఈ థ్రెడ్‌లో అసలైన మెలిక. కృష్ణాతీరం గారు సరిగ్గా పట్టుకున్నారు.

ఆ లోయలో ఫెడరల్ ప్రభుత్వం ఒక పెద్ద డ్యామ్ కట్టి చవగ్గా కరెంటు ఇవ్వాలని మోర్స్, ఇంకా పడమటి రాష్ట్రాల డెమోక్రాట్లు ఏళ్ళ తరబడి పోరాడారు. ఐసెన్‌హోవర్ ప్రభుత్వం ఐడహో పవర్ అనే ప్రైవేటు కంపెనీ మూడు చిన్న డ్యాములు కట్టుకుంటే చాలంది. 1955లో కంపెనీకి లైసెన్సు కూడా ఇచ్చేశారు. 1956లో పెద్ద డ్యామ్ బిల్లు సెనేట్‌లో 41–51తో ఓడిపోయింది.

ఇప్పుడు 1957 జూన్ చూడండి. పౌర హక్కుల బిల్లు మామూలుగా జ్యుడిషియరీ కమిటీకి వెళ్ళాలి. దాని చైర్మన్ మిసిసిపీ ఈస్ట్‌లాండ్. అక్కడికి వెళ్తే మళ్ళీ బయటికి రాదు. అందుకని కమిటీకి పంపకుండా నేరుగా సభ ముందు పెట్టాలని జూన్ 20న 45–39తో నిర్ణయించారు. ఆ 39లో దక్షిణాదివాళ్ళతో పాటు కొందరు పడమటి డెమోక్రాట్లూ ఉన్నారు. మోర్స్ కూడా. మర్నాడు, జూన్ 21న, హెల్స్ కాన్యన్ బిల్లు 45–38తో గెలిచింది. ఏడాది కిందట దాన్ని ఓడించిన దక్షిణాదివాళ్ళలో ఐదుగురు (రస్సెల్, ఈస్ట్‌లాండ్, ఎర్విన్, లాంగ్, స్మాదర్స్) ఇప్పుడు ‘అవును’ అన్నారు. ఒక్కరోజు తేడా!

ఈ బేరం వెనక జాన్సన్ చెయ్యి ఉందని చరిత్రకారులు చాలామంది రాశారు. మోర్స్ మాత్రం కమిటీని దాటవేయడం పద్ధతి కాదు, ఈరోజు మనకి నచ్చిన బిల్లుకి దాటవేస్తే రేపు నచ్చని బిల్లుకీ దాటవేస్తారు అన్నాడు. ఆయన అంతకుముందూ ఆ తర్వాతా సభా నియమాల మీద అలాగే మాట్లాడాడు కాబట్టి నేను సగం నమ్ముతాను. మిగతా సగం ఆ డ్యామ్ ఆయన సొంత ఊరి పంట అన్నది ఎలా మర్చిపోతాం. చివరికి ఆ డ్యామ్ బిల్లు హౌస్‌లో ముందుకే కదల్లేదు. ఐడహో పవర్ తన డ్యాములు కట్టుకుంది.

ఆ 39 మందిలో మసాచుసెట్స్ సెనేటర్ జాన్ కెనెడీ కూడా ఉన్నాడు. ఆయన్ని దీని గురించి ఎవరూ అడగరు.

#11 కృష్ణాతీరం

సగం ఒప్పుకున్నారుగా, చాలు :)

అయితే ఇంకొకటి. 1954 ఆగస్టులో కమ్యూనిస్ట్ కంట్రోల్ యాక్ట్. కమ్యూనిస్టు పార్టీని చట్టవిరుద్ధం చేసిన చట్టం. డెమోక్రాట్ సెనేటర్ హంఫ్రీ తెచ్చిన సవరణకి మోర్స్ కూడా తోడు నిలబడ్డాడు. సెనేట్‌లో చివరి ఓటు 79–0. ఫ్రీ స్పీచ్ ప్లాజాకి ఆయన పేరు పెట్టారు అన్నారుగా వాసు గారూ, ఆ ప్లాజాలో ఈ సంగతి ఎక్కడైనా చెక్కారా?

#12 చట్టం_చదువరి

ఇది నిజంగా మచ్చే. భయం వల్ల వేసిన ఓటు అని సర్దిచెప్పుకోవచ్చు, కమ్యూనిస్టుల వేట నడిపిన సెనేటర్ మకార్తీ రోజులు కదా. కానీ అదే మోర్స్ 1950 జూన్‌లో మార్గరెట్ చేజ్ స్మిత్ మకార్తీ మీద చదివిన ప్రకటనకి సంతకం పెట్టిన ఆరుగురు రిపబ్లికన్లలో ఒకడు. 1954 డిసెంబరులో మకార్తీని 67–22తో అభిశంసించినప్పుడూ అందులో ఉన్నాడు. మరి మధ్యలో ఆ ఆగస్టులో ఏమైంది? కమ్యూనిస్టులంటే మెతక అన్న ముద్ర పడకూడదని లిబరల్స్ అందరూ కలిసి చేసిన పని అది. ఒంటరిగా నిలబడతాడని పేరున్నవాడు ఆరోజు నిలబడలేదు.

అయితే నాకు ఆసక్తిగా అనిపించింది యుద్ధాల మీద ఓట్లు. టోంకిన్ ఓటుని అందరూ ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు చెబుతారు. 1955 జనవరిలో తైవాన్ కోసం ఐసెన్‌హోవర్ అడిగిన ఫార్మోసా తీర్మానం చూడండి. అవసరమైతే సైన్యాన్ని వాడే అధికారం ముందే ప్రెసిడెంటుకి ఇచ్చేయమన్నది. సెనేట్‌లో 85–3. ఆ ముగ్గురు లాంగర్, లేమన్, మోర్స్. వాదన అదే: యుద్ధం ప్రకటించే అధికారం రాజ్యాంగం కాంగ్రెస్‌కి ఇచ్చింది, ఖాళీ చెక్కు రాసి ఇచ్చే హక్కు కాంగ్రెస్‌కి లేదు. అప్పుడు వైట్‌హౌస్‌లో ఉన్నది రిపబ్లికన్. 1964లో ఉన్నది సొంత పార్టీవాడు, పైగా తనని విదేశాంగ కమిటీలో కూర్చోబెట్టిన జాన్సన్. వాదన మారలేదు.

1964లో పెంటగాన్ నుంచి ఎవరో ఫోన్ చేసి, టోంకిన్ గల్ఫ్‌లో దాడి జరిగిందన్న అమెరికా యుద్ధనౌక మాడొక్స్ అక్కడ ఊరికే తిరగడం లేదని చెప్పిన సంగతి తెలిసిందే. కానీ ఆ ఫోన్ రాకపోయినా ‘నో’ అనే అనేవాడని నా అభిప్రాయం.

#13 తెనాలి_రాజా

ఒక్క ఓటు విలువ అంటే మన ప్రకాశం పంతులు గారే గుర్తొస్తారు. 1954 నవంబరు 6న ఆంధ్ర శాసనసభలో అవిశ్వాసం 69–68. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. ఆ ఒక్క ఓటు ఎవరిదనే దానిమీద మా తాతగారి ఇంట్లో ఇప్పటికీ గొడవే. అసలు మద్యనిషేధం విషయంలో...

#14 మోడరేటర్

రాజా గారూ, ప్రకాశం పంతులు గారికి వేరే దారం ఉంది, అక్కడ 200 పోస్టులు నడిచాయి. ఇక్కడ మోర్స్ దగ్గరే ఉందాం.

#15 గుంటూరు_మాస్టారు

మోడరేటర్ గారి మాట వింటూనే ఒక్క ముక్క. ఈ రోల్ కాల్ (పేరుపేరునా పిలిచి ఓటు రాసుకోవడం) అనేది మన సభలతో పోలిస్తే చాలా తేడా. మన లోక్‌సభలో ఎక్కువ బిల్లులు మూజువాణీ ఓటుతో వెళ్ళిపోతాయి. ఎవరు ఎటు అన్నారో కాగితం మీద ఉండదు. రాజ్యాంగ సవరణలకి మాత్రం ప్రత్యేక మెజారిటీ లెక్క చూపాలి కాబట్టి తప్పనిసరిగా డివిజన్ జరుగుతుంది, పేర్లు చర్చల పుస్తకాల్లో అచ్చవుతాయి. అవి చూసినా పెద్దగా ఏమీ తెలియదు, విప్ ఉంటుంది కాబట్టి. సభ్యుడి మనసు ఓటులో కాదు, ప్రసంగంలో వెతుక్కోవాలి. అక్కడ అలా కాదు, ప్రతి సెనేటరుకీ ఏటా వందల ఓట్లు పేరుతో సహా ఉంటాయి.

ఆ వందల్లో మోర్స్ ఒంటరిగానో ఇద్దరుగానో మిగిలిపోయినవి తీస్తే ఆయన ఎవరో తెలుస్తుంది. 1947లో కార్మిక సంఘాలని కట్టడి చేసే టాఫ్ట్-హార్ట్‌లీ చట్టం మీద ట్రూమన్ వీటోని సెనేట్ 68–25తో తోసిపుచ్చింది. వీటో పక్షాన నిలబడ్డ రిపబ్లికన్లు ముగ్గురే, అందులో మోర్స్. 1959లో అలాంటిదే ఇంకొకటి, లాండ్రమ్-గ్రిఫిన్ చట్టం, దాని తుది రూపానికి 95–2. ఆ ఇద్దరు మోర్స్, లాంగర్. మధ్యలో పన్నెండేళ్ళు, ఒక పార్టీ మార్పు, అయినా కార్మిక సంఘాల మీద ఓటు అదే చోట ఉంది.

#16 వైజాగ్_విహారి

సీరియస్ చర్చలో చిన్న బ్రేక్. ఈయన్నేనా గుర్రం తన్నింది?

#17 వాసు_హిల్స్‌బరో

ఈయన్నే :) గుర్రాలంటే పిచ్చి. 1951లో ఒక గుర్రం దవడ మీద తన్నింది, దవడ విరిగింది, పళ్ళు ఊడాయి. ఎనిమిదేళ్ళ తర్వాత క్లేర్ బూత్ లూస్‌ని బ్రెజిల్ రాయబారిగా వేయాలన్నప్పుడు ఈయన గట్టిగా వ్యతిరేకించాడు. సెనేట్ 79–11తో ఆమెని ఖాయం చేసింది. గెలిచి ఊరుకోవచ్చు కదా, తన కష్టాలన్నీ ఆ గుర్రం మోర్స్ తల మీద తన్నిన నాటి నుంచి మొదలయ్యాయని ఆమె ఎకసెక్కంగా అంది. ఓటేసినవాళ్ళే నొచ్చుకున్నారు. కొద్ది రోజులకే పదవి చేపట్టకుండానే రాజీనామా చేసింది. సభలో 11 ఓట్లే కూడగట్టి ఓడిన మోర్స్ అలా గెలిచాడు.

మాటల విషయంలో ఈయనా తక్కువవాడు కాదు. 1953లో సముద్రతీర చమురు హక్కులు రాష్ట్రాలకి ఇచ్చే బిల్లు మీద 22 గంటల 26 నిమిషాలు నిలబడి మాట్లాడాడు. అప్పటికి అదే రికార్డు. దాన్ని బద్దలు కొట్టింది 1957లో స్ట్రామ్ థర్మండ్, 24 గంటల 18 నిమిషాలు, ఈ దారం మొదలుపెట్టిన ఆ పౌర హక్కుల బిల్లు మీదే.

#18 చట్టం_చదువరి

1962లో కమ్యూనికేషన్ శాటిలైట్ల బిల్లు మీద కూడా మోర్స్, ఇంకో సెనేటర్ కెఫావర్ వాళ్ళు అలాగే సాగదీస్తే సెనేట్ 63–27తో చర్చ ఆపింది. 1927 తర్వాత చర్చ అలా ఆపించడం అదే మొదటిసారి. దశాబ్దాల పాటు దక్షిణాదివాళ్ళ నోరు మూయించలేని సభ, మొదట నోరు మూయించింది లిబరల్స్‌దే! ప్రభుత్వ డబ్బుతో తయారైన టెక్నాలజీని ప్రైవేటు కంపెనీకి అప్పగించొద్దు అన్నది వీళ్ళ గొడవ.

#19 గుంటూరు_మాస్టారు

ఇక 1968. ఈ చివరి ఎన్నిక అర్థం కావాలంటే 1966 నుంచి మొదలుపెట్టాలి.

అప్పుడు ఒరెగాన్ రెండో సెనేట్ సీటుకి రిపబ్లికన్ గవర్నరు మార్క్ హాట్‌ఫీల్డ్, డెమోక్రాట్ రాబర్ట్ డంకన్ పోటీ. డంకన్ యుద్ధాన్ని సమర్థించాడు, హాట్‌ఫీల్డ్ వ్యతిరేకించాడు. మోర్స్ సొంత పార్టీ అభ్యర్థిని కాదని హాట్‌ఫీల్డ్‌కి మద్దతు ఇచ్చాడు. హాట్‌ఫీల్డ్ గెలిచాడు. డంకన్ మర్చిపోతాడా? 1968 ప్రైమరీలో మోర్స్ మీదే నిలబడ్డాడు. మోర్స్ కొద్ది తేడాతో గట్టెక్కాడు. పార్టీ రెండు ముక్కలైంది.

నవంబరులో ఎదుట బాబ్ ప్యాక్‌వుడ్, రాష్ట్ర శాసనసభ్యుడు, 36 ఏళ్ళ కుర్రాడు. మోర్స్‌కి 68. ఎన్నిక దగ్గరపడ్డాక పోర్ట్‌లాండ్ సిటీ క్లబ్‌లో ఇద్దరికీ డిబేట్ జరిగింది. జీవితమంతా వాదించి బతికిన మనిషి ఆరోజు తేలిపోయాడు. ప్యాక్‌వుడ్‌కి 4,08,646, మోర్స్‌కి 4,05,353. తేడా 3,293. అదే ఏడాది గ్రూనింగ్ కూడా అలాస్కాలో ప్రైమరీలోనే మైక్ గ్రావెల్ చేతిలో పోయాడు. టోంకిన్‌కి ‘నో’ అన్న ఇద్దరూ ఒకే ఏడాది ఇంటికి.

#20 కృష్ణాతీరం

అదే మాస్టారూ, వియత్నాం వల్ల ఓడాడు అంటారు అందరూ. కాదు. హాట్‌ఫీల్డ్ వల్ల ఓడాడు. 1966లో డంకన్‌కి వెన్నుపోటు పొడవకపోతే ఆ 3,293 ఓట్లు ఇంట్లోనే ఉండేవి. 1968 నాటికి ఒరెగాన్‌లో యుద్ధ వ్యతిరేకులు తక్కువేం కాదు. అక్కడి ప్రైమరీలో మెకార్తీ (యూజీన్ మెకార్తీ, ఆ మకార్తీ కాదు) రాబర్ట్ కెనెడీనే ఓడించాడు కదా.

#21 సీత_సియాటిల్

కానీ 1966లో హాట్‌ఫీల్డ్‌కి మద్దతు ఇచ్చిందే వియత్నాం కోసం. మరి రెంటినీ ఎలా విడదీస్తారు? అదీకాక ఆ ఏడాది ఒరెగాన్‌లో నిక్సన్ గెలిచాడు, పైనుంచి రిపబ్లికన్ గాలి ఉంది. ఇంత తక్కువ తేడా ఉన్నప్పుడు ఏ కారణమైనా సరిపోతుంది.

ఈ థ్రెడ్‌లో ఎవరూ ఎత్తనిది ఒకటి. 1964 ఓటు ఒక్కటే అందరూ చెప్పుకుంటారు, తర్వాతవి ఇంకా కష్టమైనవి. 1965 మేలో జాన్సన్ వియత్నాం కోసం 70 కోట్ల డాలర్లు అడిగాడు. సెనేట్‌లో 88–3: మోర్స్, గ్రూనింగ్, గేలార్డ్ నెల్సన్. అప్పటికే అమెరికా సైనికులు అక్కడ యుద్ధంలో ఉన్నారు, డబ్బు వద్దంటే సైనికుల కడుపు కొట్టాడని అంటారు. 1966 మార్చి 1న టోంకిన్ తీర్మానాన్నే రద్దు చేయాలని మోర్స్ సవరణ పెట్టాడు. 92–5తో పక్కన పడేశారు. ఆ ఐదుగురిలో ఫుల్‌బ్రైట్ ఉన్నాడు. 1964లో సెనేట్‌లో ఆ తీర్మానాన్ని భుజాన వేసుకుని గట్టెక్కించినవాడు, 1957లో ఆ 17 మంది దక్షిణాదివాళ్ళలో ఒకడు. వాసు గారి మొదటి పోస్టులో ఆయన పేరు రాలేదు కానీ ఆ వరసలో ఉన్నాడు.

అదే రోజు యుద్ధ నిధుల బిల్లు మీద 93–2. మళ్ళీ మోర్స్, గ్రూనింగ్ ఇద్దరే.

అన్నీ ‘నో’లే కాదు. విద్య సబ్‌కమిటీ చైర్మన్‌గా 1965 ప్రాథమిక, మాధ్యమిక విద్యా చట్టాన్ని సెనేట్‌లో నడిపించింది మోర్సే. హౌస్ పంపిన బిల్లులో ఒక్క కామా కూడా మారకుండా 73–18తో గట్టెక్కించాడు. యుద్ధం మీద జాన్సన్‌ని తిడుతూనే, బడుల మీద జాన్సన్ పని చేసిపెట్టాడు. జాన్సన్ కూడా ఆ పని ఆయన చేతిలోంచి తీయలేదు. మీరు మారిన పార్టీల సంగతి లెక్కేస్తున్నారు కృష్ణాతీరం గారూ, ఇదీ లెక్కలో వేయండి.

#22 కృష్ణాతీరం

వేశాను. బడుల సంగతి నాకు తెలియదు, అది బాగుంది. 1957 జూన్ 20 మాత్రం నా లెక్కలోంచి తీయను.

#23 వాసు_హిల్స్‌బరో

చాలా సంగతులు తెలిశాయి, అందరికీ థాంక్స్. మిగిలిన ఎన్నికలు కూడా రాసేస్తాను, వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి పనికొస్తాయి.

1960లో ప్రెసిడెంటు పదవికీ ప్రయత్నించాడు. రాజధానిలో హంఫ్రీ చేతిలో, మేరీలాండ్‌లోనూ సొంత ఒరెగాన్‌లోనూ కెనెడీ చేతిలో ప్రైమరీలు ఓడిపోయాడు. ఒరెగాన్‌లో కెనెడీకి సగానికి పైనే వచ్చాయి, ఈయనకి మూడోవంతు కూడా రాలేదు. సెనేట్‌కి పంపడానికి ఇష్టపడ్డవాళ్ళే వైట్‌హౌస్‌కి వద్దన్నారు.

1972లో డెమోక్రాట్ ప్రైమరీలో మళ్ళీ ఆ డంకన్‌నే ఓడించి, అసలు ఎన్నికలో హాట్‌ఫీల్డ్ చేతిలో ఓడాడు. 1966లో తాను గెలిపించిన హాట్‌ఫీల్డే! 1974లో ప్యాక్‌వుడ్ మీద పగ తీర్చుకోవాలని ప్రైమరీ గెలిచాడు, ప్రచారం మధ్యలో జూలై 22న చనిపోయాడు. ఆయన బదులు బెట్టీ రాబర్ట్స్ నిలబడింది, గెలవలేదు. ప్యాక్‌వుడ్ 1995 దాకా ఆ సీట్లోనే ఉండి, లైంగిక వేధింపుల గొడవలో రాజీనామా చేశాడు. 1996 నుంచి ఆ సీటు రాన్ వైడెన్‌ది. కుర్రతనంలో 1968 ప్రచారంలో మోర్స్ కోసం పనిచేసినవాడే.

కౌంటీలవారీగా 1968 ఫలితాలు ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి. యూజీన్ ఉన్న లేన్ కౌంటీలోనూ, కలప మిల్లులున్న కౌంటీల్లోనూ డంకన్ ఓట్లు నవంబరులో ఎటు పోయాయో చూస్తే, కృష్ణాతీరం గారికీ సీత గారికీ మధ్య గొడవ తేలొచ్చు.

#24 గుంటూరు_మాస్టారు

మే ప్రైమరీ లెక్కలు కూడా కౌంటీలవారీగా కావాలి, నవంబరువి ఒక్కటే చాలవు. నేనూ వెతుకుతాను.